చార్మినార్ నుంచి గోల్కొండ దాకా, చేతిలో ఫోన్‌తో: హైదరాబాద్ డిజిటల్ పర్యాటక సేవల సమీక్ష

మా అమ్మానాన్నలు ఖమ్మం నుంచి హైదరాబాద్ వస్తే ఆసుపత్రికో, పెళ్లికో వస్తారు. పని ముగిసిన మర్నాడే బస్సెక్కుతారు. నాన్నకు 72 ఏళ్లు. రామదాసు పుట్టిన నేలకొండపల్లి మా ఊరికి దగ్గరే కావడంతో చిన్నతనం నుంచీ ఆయన కీర్తనలు పాడుకుంటూ పెరిగిన మనిషి, అయినా ఆ రామదాసు బందీగా ఉన్నాడని చెప్పుకునే చెరసాలను ఇంతవరకు కళ్లారా చూడలేదు. ఈసారి వాళ్లిద్దరినీ, పదకొండేళ్ల మా అమ్మాయిని వెంటబెట్టుకుని శని, ఆదివారాలు పాత నగరమూ గోల్కొండా చూపించాను. రైలు టికెట్టు మొదలు గాజుల బేరం దాకా ఫోన్‌తో జరిగే పని ఏదైనా ఫోన్‌తోనే చేయాలని ముందే నిశ్చయించుకున్నాను. పర్యాటకులకు నగరం అరచేతిలోకి వచ్చేసిందని తరచూ వింటున్నాం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో, స్మార్ట్‌ఫోన్ లేని అమ్మతో బయలుదేరినప్పుడు ఆ మాట ఎంతవరకు నిలబడుతుందో స్వయంగా చూసి రాస్తున్న సమీక్ష ఇది.

మొదట మెట్రో. హైదరాబాద్ మెట్రోలో 2022 అక్టోబరు నుంచి వాట్సాప్‌లోనే టికెట్ కొనుక్కోవచ్చు. మెట్రో నంబరుకు ఒక పలకరింపు పంపితే లింకు వస్తుంది. ఎక్కడ ఎక్కుతామో, ఎక్కడ దిగుతామో, ఎంతమందిమో ఎంచుకుని యూపీఐలో డబ్బు కడితే క్యూఆర్ కోడ్ ఉన్న టికెట్లు చేతికొస్తాయి. కొత్త యాప్ దించుకోవాల్సిన పని లేకపోవడమే ఈ సేవలోని అసలైన గొప్పతనం. రెండు రోజుల కోసం ఊరి నుంచి వచ్చిన చుట్టం తన ఫోన్‌లో ఒక్కో సంస్థ యాప్‌ను దించుకుని, పేరు నమోదు చేసుకుని, ఓటీపీ కోసం ఎదురుచూడడం జరిగే పని కాదు. వాట్సాప్ మాత్రం స్మార్ట్‌ఫోన్ ఉన్న చాలామంది దగ్గర అప్పటికే ఉంటుంది. మియాపూర్‌లో ఎక్కి ఎంజీబీఎస్‌లో (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) దిగేందుకు మేము ఇంట్లో కాఫీ తాగుతూనే టికెట్లు తీసేశాం.

అయితే నలుగురి టికెట్లూ ఒకే ఫోన్‌లో ఉన్నప్పుడు గేటు దగ్గర ఒక చిన్న పద్ధతి పాటించాలి. టికెట్లు తీసినవారు ముందుగా లోపలికి వెళ్లిపోతే వెనకవాళ్లకు ఫోన్ తిరిగి అందించవలసి వస్తుంది. నేను బయటే నిలబడి ఒక్కో కోడ్ చూపిస్తూ, తలుపు తెరుచుకోగానే మొదట నాన్నను, తర్వాత అమ్మను, అమ్మాయిని పంపి చివర నేను వెళ్లాను. ఆ రెక్కల తలుపు మూసుకుంటుందేమోనని అమ్మ చీర కుచ్చిళ్లు గట్టిగా పట్టుకుని ఒక్క అంగలో దాటింది. దిగేటప్పుడు కూడా అవే కోడ్‌లు చూపాలి గనుక అప్పటిదాకా ఫోన్‌లో చార్జింగ్ ఉండడం చాలా ముఖ్యం. పెద్దవాళ్లను తీసుకువెళ్లేవారు పవర్‌బ్యాంకును మందుల డబ్బా పక్కనే సర్దుకోవాలని నా గట్టి సలహా.

మెట్రో చార్మినార్ దాకా వెళ్లదు. ఎంజీబీఎస్‌లో దిగాక ఇంకా సుమారు రెండు కిలోమీటర్లు ఉంటుంది. రెండు రోజుల్లో ఫోన్ మమ్మల్ని మొదటిసారి నిరాశపరిచింది ఇక్కడే. ఆటో కోసం ఒక యాప్‌లో ప్రయత్నిస్తే ఇద్దరు డ్రైవర్లు వరసగా ఒప్పుకుని రద్దు చేశారు. మూడో ఆటో మ్యాపులో పక్కనే కనిపిస్తూ పది నిమిషాల పాటు కదలకుండా ఉండిపోయింది. ఎండలో నిలబడ్డ నాన్న రోడ్డు మీద వెళ్తున్న ఆటోను చెయ్యెత్తి ఆపి, ధర మాట్లాడి, మమ్మల్ని ఎక్కించారు. నగరం ఎన్ని తెరలు పెట్టినా, స్టేషన్‌కూ కట్టడానికీ మధ్యనున్న ఈ చివరి రెండు కిలోమీటర్లకు సరైన బండి ఏర్పాటు చేయకపోతే ముసలివాళ్లకు ఆ తెరలన్నీ అక్కడితో ఆగిపోయినట్టే. గేటు బయటి నుంచి చార్మినార్‌కు నిర్ణీత ధరతో చిన్న విద్యుత్ బండ్లు నడిపి, వాటి టికెట్టునూ అదే వాట్సాప్‌లో కలిపితే ఈ ప్రయాణం ఎంత సులువవుతుందో!

చార్మినార్ వద్ద కథ మారిపోయింది. భారత పురావస్తు శాఖ కట్టడాల ముందు పెట్టిన క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి, ఎంతమందో చెప్పి, డబ్బు కడితే టికెట్టు ఫోన్‌లోకి వస్తుంది. కరోనా తర్వాత 2020 జులై 6న కట్టడాలను తిరిగి తెరిచినప్పుడు ఈ-టికెట్లతోనే లోపలికి పంపారు. అప్పటి అవసరం కొద్దీ మొదలైన అలవాటు ఇప్పుడు స్థిరపడిపోయింది. చార్మినార్, గోల్కొండ వంటి కట్టడాలకు 2018లో సవరించిన రుసుము ప్రకారం భారతీయులకు నగదుగా ఇస్తే 25 రూపాయలు, ఆన్‌లైన్‌లో 20 రూపాయలు. 15 ఏళ్లలోపు పిల్లలకు ఉచితం. మా ముగ్గురికీ 60 రూపాయలు కట్టి, నిమిషంన్నరలో గేటు దాటాం. పాతికేళ్ల కిందట కాలేజీ స్నేహితులతో వచ్చినప్పుడు టికెట్టు కిటికీ దగ్గరే అరపూట గడిచిపోవడం నాకింకా గుర్తుంది కనుక ఈ సేవను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను.

ఆ అయిదు రూపాయల తేడా గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. నగదు లేని చెల్లింపులను ప్రోత్సహించడానికి పెట్టిన రాయితీ అది, ఉద్దేశం మంచిదే. కానీ ఫోన్ వాడడం తెలిసినవాళ్లకు తక్కువ, తెలియనివాళ్లకు ఎక్కువ అన్నది ఆచరణలో పల్లెల నుంచి వచ్చే పెద్దవాళ్లకే బరువవుతుంది. ఆ ప్రయాణంలోనే ఒకచోట, తలపాగా చుట్టుకున్న ఒక పెద్దాయన చేతిలో నోట్లు పట్టుకుని బోర్డు మీది నలుపు తెలుపు గడులను చూస్తూ నిలబడ్డారు. మా అమ్మాయి వెళ్లి, ‘తాతయ్యా, ఎంతమంది?’ అని అడిగి, నా ఫోన్‌లో వాళ్ల ఆరుగురికీ టికెట్లు తీసిపెట్టింది. ఆయన లెక్కపెట్టి డబ్బు దాని చేతిలో పెట్టారు. ప్రతి క్యూఆర్ బోర్డు పక్కన ఇలా అడిగి చేసిపెట్టే ఒక మనిషిని కూర్చోబెడితే, ఇప్పుడు కొందరికే అందుతున్న ఈ సౌకర్యం అందరికీ చేరుతుంది.

ఐరోపా సంఘం తమ నగరాల్లో ఒకటి రెండింటిని ‘స్మార్ట్ పర్యాటక రాజధాని’గా ఎంపిక చేసే ఒరవడిని 2019లో హెల్సింకి, లియాన్ నగరాలతో ప్రారంభించింది. అక్కడ డిజిటలీకరణ నాలుగు ప్రమాణాల్లో ఒకటి మాత్రమే. అందరికీ అందుబాటులో ఉండడం, పర్యావరణానికి చేటు చేయకపోవడం, సాంస్కృతిక వారసత్వాన్నీ సృజననూ నిలబెట్టుకోవడం మిగతా మూడు. మన నగరాలనూ ఈ నాలుగు గీటురాళ్ల మీద కలిపి చూడాలని నా అభిప్రాయం. చార్మినార్ గేటు దగ్గర ఫోన్ ఎంత వేగంగా పనిచేసినా, మొదటి అంతస్తుకు వెళ్లే ఆ ఇరుకు మెలికల మెట్లు నాన్న ఎక్కలేకపోయారు. 1591 నాటి కట్టడానికి లిఫ్టు పెట్టమని ఎవరూ అడగరు. పైనుంచి కనబడే నాలుగు దిక్కుల దృశ్యాన్ని కింద ఒక తెర మీద చూపించే ఏర్పాటు మాత్రం ఎవరైనా చేయవచ్చు. ఎక్కలేనివారి కోసం సాంకేతికతను వాడితే అంతకన్నా సార్థకత ఏముంటుంది? నేను పైకెక్కి మక్కా మసీదు వైపు, లాడ్ బజార్ వైపు వీడియో తీసుకొచ్చి నాన్నకు చూపించాను. ఆయన దాన్ని మూడుసార్లు చూశారు.

లాడ్ బజార్‌లో చెల్లింపుల గురించి చెప్పుకోవాల్సింది పెద్దగా లేదు. అంత సాఫీగా జరిగింది. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన లక్క గాజులను అమ్మాయికి కొని, తోపుడు బండి మీద జామకాయలు కొని, టీ తాగి, అన్నిచోట్లా యూపీఐతోనే చెల్లించాను. గాజుల దుకాణంలో చిన్న స్పీకరు డబ్బా ‘రూపాయలు అందాయి’ అని తెలుగులో పలకగానే అమ్మ, ‘దీనికి మన మాట ఎవరు నేర్పారే?’ అని నవ్వింది. విదేశీ పర్యాటకులు కూడా యూపీఐతో చెల్లించేందుకు 2023లో మార్గం తెరిచారు గనుక, ఆ వీధిలో నోట్లు మార్చుకోవడానికి ఇబ్బందిపడే అతిథులకు ఇది నిజమైన మేలు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో ఫోన్‌ను సంచిలో పెట్టేశాం, పెట్టేయమనే నేను అందరికీ చెబుతాను. ఇంగ్లండ్ నుంచి విడిభాగాలు తెప్పించి కలకత్తాలో కుక్ అండ్ కెల్వీ సంస్థ కూర్చిన సంగీత గడియారం ముందు, గంట కొట్టే వేళకు జనం ముందుగానే చేరి కూర్చుంటారు. చిన్న తలుపు తెరుచుకుని గడ్డపు బొమ్మ బయటికి వచ్చి గంట మోగిస్తుంటే మా అమ్మాయి పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన పాలరాతి శిల్పం ‘మేలిముసుగు రెబెక్కా’ ముందు అమ్మ చాలాసేపు నిలబడి, ఆ ముసుగు బట్టతో చేసింది కాదని ఎంత చెప్పినా నమ్మలేదు.

అయినా ఈ మ్యూజియం విషయంలో డిజిటల్ సేవ నిజంగా ఉపయోగపడింది, కాకపోతే ఇంటికి వచ్చాక. సాలార్‌జంగ్ సేకరణలో కొంత భాగం గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్‌లో ఉంది. కేంద్ర సాంస్కృతిక శాఖ మ్యూజియంల జాతీయ పోర్టల్‌లో కూడా ఉంది. కాళ్లు నొప్పెట్టి సగం గదులు చూడలేకపోయిన నాన్నకు ఆ రాత్రి టీవీకి ఫోన్ కలిపి కొన్ని వస్తువులను పెద్దగా చేసి చూపించాను. చూసి వచ్చినవాళ్లకు మళ్లీ తీరిగ్గా చూసుకునే వీలు, వెళ్లబోయేవాళ్లకు ఏ గదిలో ఎక్కువసేపు నిలబడాలో తెలుసుకునే వీలు దీనివల్ల కలుగుతాయి. వెళ్లడానికి బదులుగా మాత్రం ఇది పనికిరాదు. గడియారం దగ్గర పదిమందితో కలిసి ఊపిరి బిగబట్టడం తెర మీద దొరకదు.

ఆదివారం ఉదయం గోల్కొండ. అటు మెట్రో లేదు గనుక మెహదీపట్నం నుంచి సిటీ బస్సులో వెళ్లాం. ఆర్టీసీ 2023 ఆగస్టులో తెచ్చిన గమ్యం యాప్‌లో బస్సు ఎంత దూరంలో ఉందో కనబడింది. వచ్చేదాకా అమ్మానాన్నలను నీడలో కూర్చోబెట్టి, రెండు నిమిషాల ముందు లేపాను. పెద్దవాళ్లతో ప్రయాణించేవారికి ఆ నీడ ఎంత విలువైనదో తెలుసు. ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణం కల్పించే మహాలక్ష్మి పథకం కింద నాకు, అమ్మకు, అమ్మాయికి జీరో టికెట్లు వచ్చాయి. డబ్బు కట్టింది నాన్న ఒక్కరే.

కోటలో చరిత్ర వినడానికి ఒక ప్రైవేటు ఆడియో గైడ్ యాప్‌ను ముందురోజు రాత్రే దించుకున్నాను. దాని పేరు చెప్పను. తెలుగు ఉందని రాసుండడంతో ఎంతో ఆశపడి డబ్బు కట్టాను. మొదటి వాక్యంలోనే చార్మినార్ కట్టిన సంవత్సరాన్ని ‘ఒకటి అయిదు తొమ్మిది ఒకటి’ అని అంకెలుగా చదివింది. ఎనిమిది నెలల ముట్టడి తర్వాత 1687లో ఔరంగజేబు కోటను పట్టుకున్న ఘట్టం వచ్చినప్పుడు ‘కోట అతని చేత తీసుకోబడింది’ అన్నది. రామదాసు బందీఖానా దగ్గరికి వచ్చేసరికి ‘రామ్ దాస్ జైలు ఒక ప్రసిద్ధ ఆకర్షణ’ అని చెప్పి ఊరుకుంది. నాన్న చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, ‘ఇది తెలుగేనా అమ్మా?’ అని నిదానంగా అడిగారు. ఇంగ్లీషులో రాసినదాన్ని యంత్రంతో తర్జుమా చేయించి, యంత్రంతోనే చదివించారని ఎవరికైనా అర్థమవుతుంది. పైగా ఆడియో అంతా నెట్ ద్వారానే రావాలి. మందపాటి రాతిగోడల మధ్య సిగ్నల్ అందక ప్రతి మలుపులోనూ గొంతు తెగిపోయింది. ఇంటి దగ్గరే మొత్తం దించిపెట్టుకునే వీలు లేని ఆడియో గైడ్‌ను కోటల కోసం ఎవరూ కొనకూడదు.

ఈ లోటు ఒక్క యాప్‌ది కాదు కనుకనే ఇంత వివరంగా చెబుతున్నాను. కేంద్ర పర్యాటక శాఖ 2019లో ఆడియో ఒడిగోస్ పేరుతో 12 చోట్లకు ఆడియో గైడ్ తెచ్చినప్పుడు తాజ్‌మహల్, ఖజురహో, మహాబలిపురం వంటివి ఆ తొలి జాబితాలో ఉన్నాయి; చార్మినార్, గోల్కొండ లేవు. తెలుగువాళ్లు తమ సొంత చరిత్రను తమ కోటలో తమ భాషలో వినాలనుకోవడం పెద్ద కోరికేమీ కాదు. రేడియోలో, నాటకరంగంలో మంచి గొంతులున్నవారు మనకు కొల్లలుగా ఉన్నారు. ఒక చరిత్రకారుడు రాసి, అలాంటి గొంతు చదివి, గంటన్నర ఆడియో రికార్డు చేస్తే ఏళ్ల తరబడి పనికొస్తుంది.

యాప్ ఆపేసి గేటు దగ్గర ఒక గైడును మాట్లాడుకున్నాం. యాభై ఏళ్లు దాటిన ఆయన దక్కనీ ఉర్దూ యాసలో చక్కని తెలుగు మాట్లాడారు. నాన్న మోకాళ్లను చూడగానే, ‘పెద్దాయన పైదాకా రానక్కర్లేదు, కానీ పైవాళ్లకు ఆయన మాట వినిపిద్దాం’ అన్నారు. నన్నూ అమ్మాయినీ కొండ మీది బారాదరి మండపానికి పంపి, నాన్నను బాలాహిసార్ ద్వారం దగ్గరి గుమ్మటం కింద నిలబెట్టారు. 300కు పైగా మెట్లు ఎక్కి, ఆయాసంతో నిలబడి చెవులు రిక్కించాం. పర్యాటకుల మాటల మధ్య, పలచగా, కానీ స్పష్టంగా మూడు చప్పట్లు వినిపించాయి. పైన సిగ్నల్ ఉంది. మా అమ్మాయి కింద ఉన్న వాళ్ల అమ్మమ్మ బటన్ ఫోన్‌కు చేసి, ‘తాతయ్యా, మూడుసార్లు కొట్టావు కదా!’ అని అరిచింది. శత్రువు జాడ పైకి చేరవేయడానికి కుతుబ్‌షాహీల నాటి మేస్త్రీలు రాళ్లతో కట్టిన ఏర్పాటు నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా పనిచేస్తున్నదని మా అమ్మాయికి అర్థమైన క్షణం అదే. ఏ తెర మీద చూపించినా అంతగా నాటేది కాదు.

తర్వాత ఆయన నాన్నను మెల్లగా, నాలుగేసి మెట్లకు ఒకసారి ఆపుతూ, రామదాసు చెరసాలకు తీసుకొచ్చారు. పైకప్పు రంధ్రం నుంచి పడే వెలుతురులో గోడ మీద చెక్కిన సీతారామలక్ష్మణుల, హనుమంతుడి రూపాలు కనిపించాయి. పాల్వంచ తహసీల్దారుగా వసూలైన సర్కారు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి, తానీషా కాలంలో పన్నెండేళ్లు ఇక్కడ మగ్గాడని చెప్పుకునే కంచెర్ల గోపన్న కథను గైడు మొదలుపెట్టారు. సగంలో నాన్న అందుకున్నారు. ఒకరు ఆపిన చోట మరొకరు చెప్పారు. కథ అయ్యాక నాన్న కళ్లు మూసుకుని లోగొంతుతో ఒక కీర్తన పాడుతుంటే, ఫోటోలు తీసుకుంటున్న కుర్రాళ్లు ఫోన్లు దించి నిలబడిపోయారు.

ఆ గైడు మెడలోని గుర్తింపు కార్డు వెనక కూడా యూపీఐ కోడ్ అంటించి ఉంది. డబ్బు పంపుతూ, ఈయన మాకు దొరకడం కేవలం అదృష్టమని నాకు అనిపించింది. టికెట్టు తీసుకునే ఆ పేజీలోనే గుర్తింపు ఉన్న గైడుల పేర్లు, వాళ్లకు వచ్చిన భాషలు, ఖాళీగా ఉన్న వేళలు, నిర్ణీత రుసుము చూపించి, అక్కడే మాట్లాడుకునే వీలు కల్పిస్తే సందర్శకుడికి బేరం బాధ తప్పుతుంది, గైడుకు గేటు దగ్గర ఎండలో నిలబడే అవస్థ తప్పుతుంది. ఈ రెండు రోజుల్లో నేను చూసిన సేవల్లో నగరం తక్షణం చేయదగిన, చేయవలసిన పని ఇదే.

ఇలా వెళ్లాలనుకునేవారికి నా అనుభవం మీద చెప్పగలిగేది: మెట్రోకు వాట్సాప్ టికెట్టును, కట్టడాలకు పురావస్తు శాఖ క్యూఆర్ టికెట్టును నిస్సంకోచంగా వాడండి. ఆటోకు, చరిత్రకు మాత్రం ఎదురుగా ఉన్న మనుషులనే అడగండి. సాలార్‌జంగ్ శుక్రవారం తెరవరు. గోల్కొండకు పెద్దవాళ్లతో వెళ్తే గేటు తెరిచిన వెంటనే చేరుకోండి, ఎండ ముదిరాక ఆ రాళ్ల మీద నడవలేరు. ఆషాఢంలో బోనాలకు మళ్లీ రావాలని నాన్న ఇప్పటికే నిర్ణయించుకున్నారు. బస్సెక్కుతూ ఆయన నన్ను అడిగింది ఒక్కటే, ‘ఆయన నంబరు రాసుకున్నావా అమ్మా?’